కథ రాసేటప్పుడు పాట మేలా, నిశ్శబ్దం మేలా?

విశాఖ ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో సాహిత్య సభ ముగిశాక, కొత్తగా కథలు రాస్తున్న మిత్రులు నన్ను నిలబెట్టి అడిగే ప్రశ్నల్లో వస్తువు గురించీ శిల్పం గురించీ ఉండేవి కొన్నే, “రాసేటప్పుడు మీరు పాటలు వింటారా, మాస్టారూ?” అన్నది మాత్రం తప్పకుండా ఉంటుంది. ఇంతకాలమూ “ఎవరి అలవాటు వారిది” అని దాటవేస్తూ వచ్చాను. అయితే కిందటి సంవత్సరం ఒక పెద్ద కథను చెవుల్లో సంగీతం పెట్టుకుని పూర్తి చేసి, అది ఎంతకీ నచ్చక, అదే కథను సంగీతం లేకుండా మొదటి వాక్యం నుంచి తిరగరాయవలసి వచ్చింది. కథ అదే, గది అదే, తెల్లవారుజామున నాలుగింటి వేళా అదే కాబట్టి పోల్చి చూడటానికి ఇంతకన్న మంచి అవకాశం నాకు మళ్లీ రాకపోవచ్చు.

సంగీతం పక్షాన చెప్పవలసింది తక్కువేమీ కాదు. పగలంతా గాజువాక వైపు ఎక్కడో ఉద్యోగం చేసి, బస్సులో నిలబడి ఇల్లు చేరి, రాత్రి భోజనం తరవాత కాగితం ముందు కూర్చునే మనిషికి ఆఫీసును బయట వదిలిపెట్టడానికి ఒక గడప అవసరం. రోజూ అదే వేళకు వినిపించే అదే రాగం ఆ పని చక్కగా చేస్తుంది. ఇక అపార్టుమెంట్ల సంగతి అందరికీ తెలిసిందే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెళ్లు మించకూడదు గాని, చవితి పందిరి పక్క వీధిలో ఉన్నవారికి ఆ అంకెలు కాగితం మీదివే. చప్పుడు ఎలాగూ తప్పనప్పుడు మనం కోరుకున్న చప్పుడు పెట్టుకోవడంలో తప్పేమిటన్నది న్యాయమైన వాదన. అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ హోరెత్తించే రాక్ సంగీతం పెట్టుకుని రాస్తానని స్వయంగా చెప్పుకున్నారు. ఆయన మాటను ఉదహరించే మన యువ రచయితలు ఆ వెంటనే ఆయన అన్నదాన్ని వదిలేస్తారు: ఆ సంగీతం తనకు తలుపు మూసుకునే మరో పద్ధతి మాత్రమేనని ఆయన వివరణ. అంటే ఆయనకు కావలసింది గోడ. ఆ గోడకు వాడిన ఇటుక సంగీతం.

పరిశోధనలు కథా రచన గురించి సూటిగా చెప్పేది కొంచెమే. కళాశాల విద్యార్థుల చేత కంప్యూటర్ మీద వ్యాసాలు రాయించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నేపథ్యంలో సంగీతం ఉన్నప్పుడు నిమిషానికి రాసే మాటల సంఖ్య తగ్గింది. అంతకన్న నాకు ఆసక్తి కలిగించింది 1976 నాటి ప్రయోగం. జర్మన్ బొత్తిగా రాని వారికి జర్మన్ పాఠం వినిపిస్తూ అక్షరాల వరుసలు గుర్తుపెట్టుకోమంటే, అర్థం కాని ఆ భాష కూడా వారి జ్ఞాపకాన్ని చెడగొట్టింది. “నేను కొరియన్ పాటలు వింటాను, నాకు ఒక్క ముక్క తెలియదు కాబట్టి ఇబ్బంది లేదు” అని మొన్న ఒక అమ్మాయి ధీమాగా చెప్పినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఇదే. అర్థం తెలియకపోయినా మాట మాటే; మనసులో మాటలను పట్టి ఉంచే చోటులోకి అది పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది.

ఈ వాదనలన్నిటికన్న నా దృష్టిలో తేల్చవలసిన విషయం మరొకటి ఉంది. అది ఏకాగ్రత కాదు, వేగమూ కాదు. తెలుగు వచనాన్ని దిద్దేది చెవి. ఆ చెవిని రాసే వేళకు మరొకరికి అద్దెకు ఇవ్వవచ్చునా అన్నదే అసలు ప్రశ్న.

తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. కథ ఒక మగ మనిషి గురించి, భూతకాలంలో నడుస్తున్నదనుకోండి: వచ్చాడు, కూర్చున్నాడు, చూశాడు, నవ్వాడు. ప్రతి వాక్యం చివరా ఒకే ‘ఆడు’ సుత్తి దెబ్బలా పడుతుంది. ఇది కంటికి దొరికే దోషం కాదు, ఎందుకంటే చూపుకు అవి నాలుగు వేరు వేరు మాటలు. చెవి పట్టుకున్నప్పుడే రచయిత ఒకచోట ‘వచ్చి కూర్చుని’ అని రెంటినీ కలుపుతాడు, ఒకచోట క్రియ లేని వాక్యం వేస్తాడు, ఇంకొకచోట అవతలి పాత్ర చేత ఒక మాట అనిపించి ఆ వరుసను తుంచుతాడు. నా మొదటి ప్రతిలో ఒకే పేజీలో వరుసగా పదకొండు వాక్యాలు ‘ఆడు’తో ముగిశాయి. రాస్తున్నప్పుడు అది నాకు తెలియకపోవడానికి కారణం చెవుల్లో మోగుతున్న మృదంగం. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఉన్న మొండితనాన్ని అది తన నడకతో పూడ్చివేసి, నా వచనం సాఫీగా సాగుతున్నదన్న భ్రమ కలిగించింది. ఆదితాళంలోని ఎనిమిది అక్షరాలకు, అంటే ఎనిమిది లెక్కలకు, అలవాటు పడిన చేతివేళ్లు వాక్యాలను కూడా ఇంచుమించు ఒకే పొడవున కొలిచి పెట్టాయని తరవాత లెక్కపెట్టి చూసుకుంటే తెలిసింది.

అంతకన్న పెద్ద నష్టం సంభాషణల్లో జరిగింది. ఆ కథలో పెదజాలారిపేటలో ఎండుచేపలు అమ్మే ముసలామె ఉంది. సముద్రం మీదికి వెళ్లి తిరిగిరాని కొడుకును గురించి పోలీసులకు చెబుతూ, మొదటి ప్రతిలో ఆమె “వెళ్లిపోయాడు బాబూ, ఇంక రాడు” అన్నది. వ్యాకరణ దోషం లేదు, అర్థ లోపం లేదు, అయినా ఆ ముసలామె అందులో లేదు. సంగీతం ఆపి అదే ఘట్టం దగ్గర రెండు రోజులు ఊరికే కూర్చున్నాక, మూడోనాడు ఆమె “ఎల్లిపోనాడు బాబూ, మరి రాడు” అన్నది. ‘ఇంక’ అనవలసిన చోట ‘మరి’ అనడం మా ఉత్తరాంధ్ర నోళ్లలో పుట్టి పెరిగినది. ఆ ఒక్క మాటతో ఆమె గొంతు నాకు దొరికింది, గొంతు దొరికాక తక్కిన నాలుగు పేజీలూ ఆమే చెప్పుకుపోయింది. మాండలికం రాయాలంటే ముందు వినాలి. ‘వచ్చీసేడు’, ‘తినీసేను’ అన్నప్పుడు ఆ ‘ఈ’ ఎంతసేపు సాగుతుందో వినకుండా రాస్తే, అక్షరాలు సరిగా ఉన్నా మాట అబద్ధమవుతుంది. తలలో ఒకరి గానం జరుగుతూ ఉండగా ఇంకొకరి గొంతును అంత దగ్గరగా వినగలిగేవారు ఉండవచ్చు. నేను ఆ కోవలో లేను.

మాటలు లేని వాద్య సంగీతం పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారు. తెలుగువారి విషయంలో ఇది సగమే నిజం. త్యాగరాజ కృతులు మన భాషలో ఉండటం అదృష్టమే గాని రాసే వేళకు అదే చిక్కు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వంటి విద్వాంసుడి వయొలిన్ కృతి ఎత్తుకుంటే, పల్లవి తాళంలో రెండో చుట్టుకు రాకముందే చిన్నప్పటి నుంచి విన్న కృతిలోని మాటలను మన చెవి దానికి అందించేస్తుంది. వేణువు మీద వినిపించే పాత సినిమా పాటకూ ఇదే కథ, పైగా ఆ పాట తొలిసారి విన్న కాలేజీ రోజులు కూడా వెంటబడి వస్తాయి. నిజంగా మాట లేనిది కావాలంటే రాగాలాపన మిగులుతుంది, వీణ మీద తానం మిగులుతుంది. అవి మాటలతో పోటీ పడవు.

పోటీ పడకపోయినా అరువు ఇస్తాయి. అది ఇంకొక ప్రమాదం. ముసలామె పోలీసు స్టేషన్ మెట్లు దిగే చోట నేను దుఃఖం పలికే ముఖారి రాగం ఆలాపన వింటూ రాశాను, కళ్లు తడిసాయి, గొప్ప ఘట్టం రాశానని సంతోషించాను. మర్నాడు ఉదయం చదివితే అందులో మెట్లున్నాయి, చీర కొంగుంది, వానకారు మబ్బుంది, దుఃఖం మాత్రం లేదు. ఏడ్చింది ముఖారి. పాఠకుడికి నేను పుస్తకంతో పాటు వయొలిన్ పంపలేను కదా.

నిశ్శబ్దం దోషాలు నిశ్శబ్దానికి ఉన్నాయి. అది మొదటి పావుగంట నిర్దయగా ఉంటుంది. వాక్యం రాలేదన్న సంగతిని ఏ తెరా లేకుండా ముఖం మీదే చెబుతుంది. ఆ పావుగంటకు భయపడి ఫోను తీసేవారు సంగీతం పెట్టుకుని రాయడమే నయం, ఎందుకంటే ఏదో ఒకటి రాసినవాడికి దిద్దుకోవడానికైనా ఏదో ఒకటి ఉంటుంది. పైగా విశాఖలో నిశ్శబ్దం అనేది మాటవరసకే. ఓడరేవు నుంచి ఓడ కూత, విమానాశ్రయం నుంచి నౌకాదళ హెలికాప్టర్లు, ఎక్కడో గూడ్సు బండి. అయితే లాసన్స్ బే కాలనీలో మా మేడగదిలోకి ఆ వేళకు ఎక్కువగా వినవచ్చేది సముద్రం, అది మాట్లాడదు, తాళం వేయదు, కాసేపటికి చెవి దాన్ని లెక్కలోంచి తీసివేస్తుంది. పక్కింటి టీవీలో అత్తాకోడళ్ల సంభాషణను మాత్రం ఏ చెవీ తీసివేయలేదు. ఆ గోడ పక్కన బతుకుతున్నవారికి నా సలహా వర్తించదు, వారు నిస్సంకోచంగా తానం పెట్టుకోవచ్చు.

కాఫీ హోటల్ సందడి గురించి కూడా అడుగుతారు. సుమారు 70 డెసిబెళ్ల సందడి కొత్త ఆలోచనలకు తోడ్పడుతుందని 2012లో ఒక అధ్యయనం వచ్చింది, 85 దగ్గర ఆ మేలు ఉండదని కూడా అదే చెప్పింది. ఇతివృత్తం అల్లుకోవడానికి బాగుండవచ్చు, వాక్యానికి కాదు. ఫోనులో కురిసే వాన, ఫ్యాను హోరు వంటివి అపకారం చేయవు. మొజార్ట్ వింటే తెలివి పెరుగుతుందన్నది 1993 నాటి ప్రయోగాన్ని సాగదీసిన మాట. అందులో కాసేపు మెరుగుపడింది ఆకారాలను ఊహించే నేర్పు మాత్రమే.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. కూర్చునే ముందు పది నిమిషాలు వీణ వింటాను, ఆపివేస్తాను, ఆపిన తరవాతే కలం మూత తీస్తాను. సాయంత్రం బీచ్ రోడ్డు మీద నడుస్తూ కథ గురించి ఆలోచించేటప్పుడు ఏ పాటయినా వింటాను. ఆర్.కె. బీచ్ మీద నౌకాదళ విన్యాసాల రిహార్సళ్లు జరుగుతున్నప్పుడు కిటికీ అద్దాలు అదురుతాయి. ఆ రోజుల్లో కొత్త వాక్యం రాయను, అప్పటికే దిద్దిన కథలను హెడ్‌ఫోన్లలో నచ్చిన కచేరీ పెట్టుకుని సాఫు కాపీ తీసుకుంటాను.