మిస్త్రాస్ కొండ మీద రెండు రాత్రులు, మొనెంవాసియాలో ఒకటి

గ్రీసు వెళ్ళిన మనవాళ్ళు చాలామంది ఏథెన్స్ చూసి, శాంటోరినిలో నీలం గుమ్మటాల ముందు ఫొటోలు దిగి వచ్చేస్తారు. నేనూ మా అత్తయ్యా ఏప్రిల్ మొదట్లో, ఈస్టరుకి ముందు వెళ్ళాం. ఏథెన్స్‌లో ఒక్క రోజే ఉండి, గ్రీసుకి దక్షిణాన ఉన్న పెలొపొన్నీస్ ద్వీపకల్పానికి బస్సెక్కేశాం. బైజాంటియం, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం, దాని చివరి రోజుల మీద నాకున్న పిచ్చే దానికి కారణం.

కిఫిస్సోస్ బస్టాండ్ నుంచి స్పార్టాకి మూడు గంటల పైచిలుకు. బస్సు శుభ్రంగా ఉంది, టైముకే కదిలింది. బోర్డులు చాలావరకు గ్రీకులోనే ఉన్నాయి, ఊరి పేరు ఆ అక్షరాల్లో ఎలా ఉంటుందో ముందే ఫోన్‌లో పెట్టుకోండి.

స్పార్టా అనే పేరు చూసి మాత్రం మోసపోవద్దు. ఇప్పుడున్న ఊరు 1834లో రాజు ఒథో ఆజ్ఞతో కొత్తగా కట్టింది. పాత స్పార్టా అంటే ఆలివ్ చెట్ల మధ్య కొన్ని రాళ్ళూ, ఒక శిథిల థియేటరూ. ఈ ఊరు పాడుబడితే, మిగిలినవి చూసి దీని గొప్పతనాన్ని ఎవరూ నమ్మరని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు తుసిడిడీస్ ఎప్పుడో రాశాడు. ఆయన అన్నంతా అయింది. పాత స్పార్టా రాజు లియోనిడాస్ విగ్రహం, ఆలివ్ మ్యూజియం చూసుకుని బయల్దేరండి. గది మాత్రం అక్కడ కాదు, బైజాంటియం కాలపు కోటా గుళ్ళూ ఉన్న కొండ కింద, మిస్త్రాస్ ఊళ్ళో తీసుకోండి.

స్పార్టా నుంచి అక్కడికి టాక్సీలో పావుగంట. మా డ్రైవరు మీటరు వేయలేదు, భాష రాదని నేనూ నోరు మెదపలేదు. దిగాక మా గది యజమానురాలు ఎంతిచ్చారని అడిగి తల పట్టుకుంది. ఎక్కేముందే అడగండి. గది మాత్రం చవకే: చిన్న బాల్కనీ, ఎదురుగా కొండంతా కనపడుతుంది, పొద్దున్నే పెరుగూ, ఇంట్లో చేసిన నారింజ జామూ. మబ్బు పట్టిన రోజు వేడినీళ్ళు రాలేదు, అదొక్కటే లోటు.

అత్తయ్య పక్కా శాకాహారి. తిండి గురించి నాకున్న టెన్షనంతా ఒక్క మాటతో తీరిపోయింది: "నిస్తీసిమో". ఈస్టరు ముందు చేసేలాంటి ఉపవాసాల్లో తినే వంట అని అర్థం, అంటే మాంసం, గుడ్డు, పాలు ఉండవు. కాకపోతే రొయ్యలూ ఆక్టోపస్‌లూ ఆ లెక్కలో చెల్లుతాయి కాబట్టి అవి వద్దని విడిగా చెప్పాలి. టమాటాలో ఉడికించిన పెద్ద పెద్ద గింజలు, "గిగాంతెస్", వచ్చాయి. "ఇది మన చిక్కుడుగింజల కూరే కదే" అని అత్తయ్య రెండు రోజులూ అదే తిన్నారు, పైన కందిపొడి చల్లుకుని.

ఇక కొండ సంగతి. గేట్లు రెండు. టాక్సీలో పై గేటు దగ్గర దిగి, కిందికి నడుస్తూ రండి. ఇది తెలియక కింద నుంచి ఎక్కేవాళ్ళు సగంలోనే కూలబడుతున్నారు. రాళ్ళు అరిగి నున్నగా ఉన్నాయి, చెప్పులతో కష్టం. నీళ్ళు మీరే మోసుకెళ్ళండి. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యను అయ్యా సోఫియా గుడి నీడలో కూర్చోబెట్టి, కోట దాకా నేనొక్కదాన్నే వెళ్ళాను.

ఈ కోట కట్టింది గ్రీకులు కాదు, పడమటి యూరప్ నుంచి వచ్చి ఇక్కడ ఏలిన ఫ్రాంకుల పాలకుడు విలియం విల్లార్డువాన్, 1249లో. పదేళ్ళకు పెలగోనియా యుద్ధంలో ఓడి గడ్డివాములో దాక్కున్నాడు. ముందుకు పొడుచుకొచ్చిన పళ్ళే పట్టించాయట. విడుదల కోసం 1262లో మిస్త్రాస్, మొనెంవాసియా, మైనా కోటలు బైజాంటియం చక్రవర్తికి ఇచ్చేశాడు. ఎత్తుపళ్ళ వల్ల చేతులు మారిన కొండ అన్నమాట! 1349 నుంచి ఇది మొరేయా రాజధాని, పెలొపొన్నీస్‌కి అప్పటి పేరు అది. ప్లేటోను మళ్ళీ చదివించిన తత్త్వవేత్త ప్లెథోన్ ఉన్నది ఇక్కడే.

కింద మెత్రోపోలి గుడిలో నేల మీద రెండు తలల గద్ద చెక్కిన పాలరాయి ఉంది. వెతికితే గానీ కనపడదు, జనం ఫ్రెస్కోలు చూస్తూ దాటిపోతున్నారు. 1449 జనవరి 6న చివరి చక్రవర్తి పదకొండో కాన్‌స్టాంటైన్‌కి పట్టం కట్టింది ఆ రాతి మీదే అంటారు. నాలుగేళ్ళకు కాన్‌స్టాంటినోపుల్ గోడల దగ్గర తురుష్కులతో పోరాడుతూ చనిపోయాడు. ఈ కొండ 1460లో తురుష్కుల పరమైంది. నేను ఆ రాతి దగ్గరే పావుగంట నిలబడిపోయాను.

పందనాస్సా మఠంలో మాత్రం ఇప్పటికీ సన్యాసినులు ఉంటున్నారు. గుంపులుగా పిల్లులు. కురచ బట్టలతో వచ్చినవాళ్ళకి కప్పుకోవడానికి గుడ్డ ఇస్తున్నారు, అత్తయ్య చీరకి ఆ బాధ లేదు. వాళ్ళు అమ్మే ఎంబ్రాయిడరీ చూసి అత్తయ్య కుట్టు తిరగేశారు, వెనకవైపు ముడులు ఎలా వేశారో చూద్దామని. ఒక ముసలావిడ నవ్వి సూది తెచ్చి చూపించింది. ఇద్దరికీ ఒక్క మాట కలవలేదు, అరగంట కూర్చున్నారు.

మొనెంవాసియాకి బస్సులు తక్కువ, టైములు ముందే కనుక్కోండి. సముద్రంలో పెద్ద బండ, దానికి ఒకే దారి. పేరుకి అర్థం కూడా అదే. విలియం మూడేళ్ళు ముట్టడిస్తే లోపలివాళ్ళు ఎలుకల్నీ పిల్లుల్నీ తిన్నారని పాత వృత్తాంతంలో ఉంది. ఇది చెబితే అత్తయ్య మఠం పిల్లుల్ని తలుచుకుని చెవులు మూసుకున్నారు.

కోట లోపలే ఉండాలని ముచ్చటపడి రెట్టింపు డబ్బు పోశాను. లోపలికి బండ్లు రావు. రాళ్ళ దారిలో ట్రాలీ బ్యాగు చక్రం ఒకటి ఊడింది. గది చల్లగా గుహలా ఉంది, దుప్పట్లు చెమ్మ వాసన. ఒక కిటికీ, దాని అవతల గోడ. ఇంకోసారి వెళితే వంతెనకు ఇవతల యెఫిరా అనే ఊళ్ళో గది తీసుకుని, పగలంతా లోపల తిరుగుతాను. పై ఊళ్ళో, కొండ అంచున ఉన్న గుడి, దీని పేరూ అయ్యా సోఫియానే, దాని కోసం ఆ మెట్లన్నీ ఎక్కచ్చు. సాయంత్రం ఎక్కండి, మధ్యాహ్నం ఎండకి నీడే లేదు.

చక్రం ఊడిన బ్యాగుని ఏథెన్స్ దాకా ఈడ్చుకొచ్చాం. అత్తయ్య కొన్న ఎంబ్రాయిడరీ గుడ్డ మాత్రం ఆ బ్యాగులో పెట్టనివ్వలేదు, దారంతా ఒళ్ళోనే.