జ్యామితి నిరూపణ: రెండు గళ్లలో రాయించాలా, పేరాలోనా?

తొమ్మిదో తరగతిలో ‘రేఖలు, కోణాలు’ పాఠం మొదలైతే చాలు, తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. పేజీ మధ్యలో నిలువు గీత గీసి ఎడమవైపు వాక్యం, కుడివైపు కారణం రాయించాలా? మామూలుగా పేరా రాస్తే సరిపోదా?

చిన్న నిరూపణకు పేరాయే హాయి. రెండు సరళరేఖలు ఖండించుకున్న చోట కోణాలకు వరుసగా 1, 2, 3, 4 అని పేర్లు పెట్టండి. 1, 2 రేఖీయ ద్వయం (ఒకే సరళరేఖపై పక్కపక్కన ఉండే జత) కాబట్టి వాటి మొత్తం 180 డిగ్రీలు. 2, 3 కూడా అంతే. రెండింట్లోంచీ 2ను తీసేస్తే 1, 3 సమానమని తేలుతుంది. శీర్షాభిముఖ (ఎదురెదురు) కోణాలు సమానమన్న సిద్ధాంతం అయిపోయింది. దీనికి గళ్లు గీస్తూ కూర్చోవడం దండగ.

త్రిభుజంలో కోణాల మొత్తం దగ్గరికొచ్చేసరికి మాత్రం నా ఓటు గళ్లకే. పై శీర్షం గుండా భూమికి (కింది భుజానికి) సమాంతరంగా ఒక రేఖ గీస్తాం. శీర్షకోణం 1, భూమి దగ్గరి కోణాలు 2, 3, శీర్షం దగ్గర కొత్తగా వచ్చినవి 4 (2 ఉన్న వైపు), 5 (3 ఉన్న వైపు) అనుకుందాం. పేరాలో పిల్లవాడు ‘4, 2 సమానం, 5, 3 సమానం, కాబట్టి మొత్తం 180’ అని ముగిస్తాడు. చదవడానికి బాగానే ఉంటుంది. ఆ ‘కాబట్టి’ ఎన్ని ఖాళీలనైనా కప్పేస్తుంది. గళ్లలో ఆ వీలు లేదు. ‘4, 2 సమానం’ ఎదురుగా ఏదో ఒకటి రాయాలి. ‘ఏకాంతర కోణాలు’ (రెండు రేఖల మధ్య, వాటిని ఖండించే రేఖకు చెరోవైపు ఉండేవి) అంటే చాలదు, రేఖలు సమాంతరం కాకపోతే అవి సమానం కావు. సమాంతరమని ఎలా తెలుసు? నిర్మాణం వల్ల. ఆ వరుస కూడా పైన ఉండాలి. 4, 1, 5 కలిసి సరళకోణం అన్న వరుసా ఉండాలి.

గళ్లలో బయటపడే తప్పులు ముఖ్యంగా రెండు. మొదటిది విపర్యయం, అంటే సిద్ధాంతాన్ని తలకిందులు చేసి వాడటం. ‘ఏకాంతర కోణాలు సమానం కాబట్టి రేఖలు సమాంతరం’ అనేది వేరే సిద్ధాంతం, ఇక్కడ పనికిరాదు. రెండోది వలయ తర్కం, అంటే నిరూపించాల్సినదాని మీదే ఆధారపడ్డదాన్ని కారణంగా చూపడం. బాహ్యకోణం (ఒక భుజాన్ని పొడిగిస్తే బయట ఏర్పడేది) అంతరాభిముఖ కోణాల (త్రిభుజం లోపల దానికి దూరంగా ఉన్న రెండింటి) మొత్తానికి సమానం అన్నదాన్ని కారణంగా రాసేస్తారు. పాఠంలో దాన్ని 180 డిగ్రీల సిద్ధాంతం నుంచే రాబట్టి ఉంటే అది చెల్లదు. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ అయితే తన ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకం 32వ ప్రతిపాదనలో సమాంతర రేఖ గీసి ముందు బాహ్యకోణం సంగతే తేల్చాడు, 180 తర్వాత వచ్చింది. ఆ క్రమంలో వెళితే అదే కారణం చెల్లుతుంది. కారణం గడి ఉంటేనే ఈ చర్చ పిల్లలతో చేయగలం.

గళ్లకూ లోపం ఉంది. అసలు ఆ సమాంతర రేఖ ఎందుకు గీయాలనిపించింది? గడిలో ‘నిర్మాణం’ అని రాసి ఊరుకుంటారు. మూడు కోణాలనూ ఒకే బిందువు దగ్గరికి చేర్చాలన్న ఆలోచన పేరాలోనే చెప్పుకోగలం. అందుకే గళ్లు గీసే ముందు ఆ ఒక్క వాక్యం నోటితో చెప్పించండి. లేకపోతే దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని శీర్షికలతో సహా బట్టీ పట్టేస్తారు, మన దగ్గర అది మామూలే.

కోణమానినితో కొలవడం, కాగితం మూలలు చించి అతికించడం ఏడో తరగతికి బాగుంటాయి. కొలిస్తే 179 రావచ్చు, 181 రావచ్చు. సరిగ్గా 180 వచ్చినా అది ఆ ఒక్క త్రిభుజం సంగతే. బాణాల ఫ్లోచార్ట్ కొందరికి నచ్చుతుంది, నోట్సులో చోటు చాలదు.

సర్వసమాన త్రిభుజాల్లో భు.కో.భు. (భుజం-కోణం-భుజం) నియమాన్ని తడుముకోకుండా వాడుతున్నారంటే గీత చెరిపేయొచ్చు. వాక్యం చివర బ్రాకెట్లో కారణం రాస్తే చాలు.