సబ్బు మానేసి సున్నిపిండి, ఇప్పనూనె: రాయగడ నుంచి నా రివ్యూ

నాది బాగా పొడి చర్మం. మేం ఒడిశాలోని రాయగడలో ఉంటాం, ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. నవంబర్ వచ్చిందంటే మోకాళ్ళ కింద తెల్లగా పొట్టు లేచిపోయేది, గోరు తగిలితే గీత పడిపోయేది, చలికాలమంతా లోషన్ సీసాలు కొనుక్కోడమే. సబ్బు మానేసి కొన్నేళ్ళు దాటింది, ఇప్పుడు ఒంటికి దాదాపుగా సున్నిపిండి, ఇప్పనూనె, ఇవి రెండే. పొడి చర్మం ఉన్నోళ్ళకి ఇది నిజంగా పనిచేస్తుంది. అలాగని నేచురల్ అని పేరున్న ప్రతీదీ మంచిది కాదు, కొన్ని సబ్బు కన్నా చెడ్డవి, అవీ చెప్తా.

సున్నిపిండి అంటే షాపు ప్యాకెట్ కాదండి, ఇంట్లో కలుపుకుని మిల్లులో ఆడించుకునేది. కేజీ పెసలకి పావుకేజీ శనగపప్పు, రెండు గుప్పిళ్ళు బియ్యం, నాలుగైదు పసుపు కొమ్ములు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, ఉంటే ఎండిన గులాబీ రేకులు. అన్నీ గలగలలాడేలా ఎండబెట్టాలి. మిల్లుకి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళకండి, మన ముందు ఎవరైనా మిరపకాయలు ఆడించుకుని వెళ్ళుంటే ఆ కారం మన పిండిలోకి వచ్చేసి మొహం భగ్గుమంటుంది, అందుకే నేను బియ్యమో గోధుమలో ఆడుతున్నప్పుడు చూసి ఇస్తా. ఆడించాక అసలు పని ఉంది, పాత కాటన్ చీర ముక్కలో జల్లించాలి. మామూలు జల్లెడ పట్టిన పిండి వేళ్ళ మధ్య మెత్తగానే ఉంటుంది కానీ బుగ్గ మీద రుద్దితే గరుకు తెలిసిపోద్ది. గుడ్డలోంచి దిగింది మొహానికి, పైన మిగిలింది కాళ్ళకీ మోచేతులకీ.

చాలా ఇళ్ళల్లో ఇందులో బావంచాలు అనే గింజలు వేస్తారు, మా పెద్దవాళ్ళూ వేసేవారు, నేను మాత్రం వేయను. బావంచాల్లో సోరాలిన్ అనే పదార్థం ఉంటుంది, బొల్లి మచ్చలకి ఇచ్చే వైద్యంలో వాడేది అదే, చర్మం మీద ఎండ ప్రభావాన్ని పెంచేస్తుంది, రాసుకుని ఎండలోకి వెళ్తే నల్లబడటమో బొబ్బలెక్కడమో జరగొచ్చు. ఎండలో తిరిగే పని ఉన్నవాళ్ళు అసలు వద్దు.

ఇక ఎందుకు పనిచేసింది అంటే, నా ఉద్దేశంలో సగం క్రెడిట్ పిండిది కాదు, సబ్బు మానేయడానిది. పీహెచ్ అంటే పులుపుదనం కొలిచే లెక్క, 7 కన్నా తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. మన చర్మం పీహెచ్ సుమారు 5 దగ్గర ఉంటుంది, అంటే కొంచెం పులుపు వైపు. మామూలు సబ్బు 9 నుంచి 10, అంటే క్షారం వైపు. రోజూ రెండు పూటలా ఒళ్ళంతా సబ్బు రుద్దితే చర్మం మీదుండే నూనె పొర పోయి లోపలి తడి ఎగిరిపోతుంది, ఆ పైన ఎన్ని లోషన్లు రాసినా లాభం తక్కువ. సున్నిపిండి జిడ్డుని పీల్చుకుంటుంది కానీ అంతలా ఊడ్చిపెట్టదు. చంకలు, పాదాలు, చెమట పట్టే చోట్ల మాత్రం సబ్బు ఇంకా వాడుతున్నా, అక్కడ పిండితో వాసన పోదు.

దీనితో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. బాత్రూం నేల జారుతుంది, ఇంట్లో ముసలివాళ్ళుంటే నీళ్ళు కొట్టి కడగాల్సిందే. పిండి వెళ్ళి వెళ్ళి డ్రైన్ జాలీ దగ్గర ముద్దగా పేరుకుంటుంది. వర్షాకాలం అయితే మా వైపు ముసురు పట్టిందంటే డబ్బాలో పురుగు పట్టేస్తుంది, తడి చెయ్యి పెడితే బూజు కూడా, అందుకే ఆ నెలల్లో కొంచెమే ఆడించి, పొడి స్పూనుతో తీసి గిన్నెలో వేసుకుంటాం. పొద్దున్నే డ్యూటీకి పరిగెత్తేవాళ్ళకి ఇదంతా కుదరదు, అలాంటివాళ్ళు సబ్బు తగ్గించి నూనె ఒక్కటి రాసుకున్నా తేడా ఉంటుంది.

ఆ నూనె గురించే చెప్పాలి, నాకు దీని మీద ప్రేమ ఎక్కువ. ఇప్పగింజల నూనె, సంతలో తోల తేల్ అని అడిగితే ఇస్తారు. ఇప్పపువ్వు సంగతి అందరికీ తెలుసు, గింజ నూనె సంగతి మైదానం వైపు వాళ్ళకి పెద్దగా తెలీదు. వేసవిలో పల్చటి పసుపు రంగులో కారుతుంది, చలికి సీసాలో నెయ్యిలా గడ్డకడుతుంది, అప్పుడు స్పూను వెనక వైపుతో కొంచెం తీసి రెండు అరచేతుల మధ్య రుద్దితే కరిగిపోతుంది. స్నానం అయ్యాక తుడుచుకున్న వెంటనే, ఒంటి మీద ఇంకా చెమ్మ ఉండగానే రాయాలి, ఆరిపోయాక రాస్తే అంత పట్టదు. రాత్రి మడమలకి పట్టించి సాక్స్ వేసుకుని పడుకుంటే పగుళ్ళు కొన్ని రోజుల్లోనే మెత్తబడతాయి. వాసన ఘాటుగా ఉంటుంది, అది అందరికీ పడదు, మా అత్తయ్య అయితే కొబ్బరినూనే కావాలంటారు. కొబ్బరినూనె ఒంటికి బాగుంటుంది గానీ మొటిమలొచ్చే మొహానికి వద్దు, రంధ్రాలు మూసుకుపోయి ఇంకా లేస్తాయి. ఇప్పనూనె కూడా నేను మొహానికి రాయను.

పసుపు దగ్గర జాగ్రత్త. రంగు మెరవాలని పసుపులో లెడ్ క్రోమేట్ అనే సీసం ఉన్న రంగు కలిపే కల్తీ ఉంది, కొన్నిచోట్ల కొమ్ములకి కూడా పాలిష్ పడతారు, సీసం ఒంట్లోకి వెళ్తే చాలా చేటు. నేను ఎక్కువగా చాటికోన బుధవారం సంతలో తెచ్చుకుంటా, నియమగిరి కొండల మీద నుంచి డొంగ్రియా గిరిజనులు అల్లం, పసుపు దించుతారు. మట్టి రంగులో, ముడతలు పడి, చూడ్డానికి ఏమాత్రం అందంగా లేని కొమ్ములే కొంటా, బంగారంలా మెరిసేవి ముట్టుకోను.

నిమ్మకాయ మొహానికి రుద్దమని వీడియోల్లో చెప్తుంటారు, దయచేసి వద్దు. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గరుంటుంది, ఆ పైన ఎండ తగిలితే చర్మం కాలి నెలల తరబడి మచ్చలుండిపోతాయి. వంటసోడా కూడా వద్దు, అది మళ్ళీ సబ్బులా క్షారం వైపు. ముల్తానీ మట్టి జిడ్డు చర్మం వాళ్ళకి, నాలాంటి వాళ్ళకి చలికాలంలో అస్సలు పనికిరాదు. కలబంద పెరట్లోది అయితే కోసిన ముక్క నిలబెట్టి పసుపుపచ్చ జిగురు మొత్తం కారిపోనిచ్చి అప్పుడు గుజ్జు తీయండి, ఆ జిగురే దురద పెట్టేది. ఏదైనా మొదట మోచేతి లోపల రాసి ఒక రోజు ఆగాలి.

సన్‌స్క్రీన్‌కి మాత్రం వంటింట్లో ప్రత్యామ్నాయం లేదు. ఏ నూనె అయినా, గంధం అయినా ఎండని సరిపడా ఆపదు. నేను జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 ట్యూబు కొనుక్కుంటున్నా, దాని మీద ఖర్చు పెట్టడానికి వెనకాడను.

ఇంకొక విషయం, ఆడపిల్లలున్న ఇళ్ళు తప్పకుండా వినండి. తెల్లబడాలని మందుల షాపులో ట్యూబులు కొని రాసుకునే అలవాటు మా చుట్టుపక్కల చాలా ఉంది, వాటిల్లో కొన్ని స్టెరాయిడ్ క్రీములు. 2018లోనే ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, అయినా దొరికేస్తున్నాయి. మా తోడికోడలు అలాంటిది రోజూ రాసి రాసి, బుగ్గలు పల్చబడి ఎర్ర నరాలు కనిపించేవరకూ వచ్చింది, ఆపితే మొహమంతా మంట, కురుపులు. అప్పుడు మా అత్తయ్య సున్నిపిండి పెట్టేద్దాం అన్నారు, నేనే ఆపేశా, ఆ స్థితిలో ఉన్న చర్మానికి పిండి రుద్దినా, పసుపు పెట్టినా ఇంకా రేగుతుంది. కోరాపుట్ మెడికల్ కాలేజీలో చర్మం డాక్టర్‌కి చూపించి, ఆయన చెప్పినట్టు మెల్లమెల్లగా క్రీము తగ్గించి, సబ్బు కాని క్లెన్సరు, వాసన లేని మాయిశ్చరైజరు మాత్రమే వాడింది. ఇప్పుడు చాలా వరకు తగ్గింది, మొన్న సంక్రాంతి నుంచి ఒంటికి మాతో పాటు సున్నిపిండి మొదలుపెట్టింది, మొహానికి ఇంకా వద్దన్నాడు డాక్టరు.