బావోఫెంగ్ యూవీ-5ఆర్: తుఫాను రాత్రికి ఈ చేతి సెట్టు ఎంతవరకు పనికొస్తుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటుతో పాటు సెల్‌ఫోన్లూ మూగబోయాయి. టవర్ కూలనక్కర్లేదు. దాని బ్యాటరీలు దిగిపోయినా, జనరేటర్‌కు డీజిల్ అందకపోయినా, ఫైబర్ తెగినా ఫలితం ఒకటే. అలాంటి రోజుల కోసమని అపార్ట్‌మెంట్ సంఘాలూ, తీరప్రాంత పల్లెల కుర్రాళ్లూ ముందుగా అడిగేది ఈ చిన్న నల్ల వాకీటాకీ గురించే. 2012లో వచ్చిన మోడల్, ఇప్పటికీ అమ్ముడుపోతూనే ఉంది. మా మాట ముందే చెప్పేస్తాం: ఊళ్లో ఒక వీధి నుంచి ఇంకో వీధికి, డాబా నుంచి డాబాకు మాట్లాడుకోవడానికి డబ్బుకు తగిన సెట్టే. పెట్టెలోంచి తీసి అలాగే వాడితే మాత్రం మొదటి రాత్రే మొరాయిస్తుంది.

కొనేముందు లైసెన్సు సంగతి. మన దేశంలో ఈ సెట్టు వాడడానికే కాదు, దగ్గర ఉంచుకోవడానికి కూడా లైసెన్సు ఉండాలి. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా టెలికాం శాఖ పెట్టే అమెచ్యూర్ (అభిరుచి రేడియో, వాడుకలో హ్యామ్) పరీక్ష రాయొచ్చు. కింది మెట్టైన రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ అక్కర్లేదు, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో పెట్టుకోవాలి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ పవర్ సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది కదా, ఇదీ అంతే అని అమ్మేవాళ్లు చెబుతుంటారు. నమ్మకండి. ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకోగల, 4 వాట్లు పంపే సెట్టు ఆ మినహాయింపులోకి రాదు. వాకీటాకీల అక్రమ అమ్మకాల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మేలో ఆన్‌లైన్ దుకాణాలకు మార్గదర్శకాలు ఇచ్చింది కూడా. లైసెన్సు తీసుకునే ఓపిక లేని సంఘం 446 బ్యాండులో, ఆమోదం ఉన్న సెట్లు కొనుక్కోవడం మేలు. వాటి దూరం తక్కువే గానీ తలనొప్పి ఉండదు.

సెట్టు పనిచేసేది రెండు బ్యాండుల్లో: 136–174 మెగాహెర్ట్జ్ వీహెచ్‌ఎఫ్, 400–520 యూహెచ్‌ఎఫ్. మన హ్యామ్‌లకు అందులో దక్కేది 144–146, 434–438 మాత్రమే. మిగతా చోట్లా పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కి పట్టే బొత్తాం) నొక్కితే ఇది నిక్షేపంగా పంపేస్తుంది, అడ్డుకునే తాళమేదీ లేదు. మర పడవల వాళ్లు ఆపదలో పిలిచే 16వ ఛానెల్ 156.8 మెగాహెర్ట్జ్ కూడా ఈ పరిధిలోనే ఉంది. తెలియక అక్కడ బొత్తాం నొక్కితే నిజంగా మునుగుతున్నవాడి కేక మీద మన కబుర్లు పడతాయి. అందుకే సెట్టును ఎప్పుడూ, ముందే నింపిన ఛానెళ్లు మాత్రమే వచ్చే ఛానెల్ మోడ్‌లోనే ఉంచాలి, # బొత్తాం కాసేపు నొక్కి పట్టి కీప్యాడ్ లాక్ చేయాలి. 128 మెమరీలున్నా పది నింపితే చాలు.

దూరం దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. నేల మీద నిలబడ్డ ఇద్దరి మధ్య రేడియో దిగంతం (తరంగం నేరుగా చేరగల హద్దు) లెక్క ప్రకారం సుమారు 10 కిలోమీటర్లు. కానీ ఇళ్లూ చెట్లూ ఉన్న ఊళ్లో 2, 3 కిలోమీటర్లు వస్తే సంతోషించాలి. ఒకరు 10 మీటర్ల ఎత్తున్న డాబా ఎక్కితే ఆ లెక్క 18 అవుతుంది, ఇద్దరూ ఎక్కితే 26. పవర్ పెంచినదానికంటే మెట్లెక్కినదానికే ఫలితం ఎక్కువ. కోనసీమలాంటి చోట తడిసిన కొబ్బరాకులు యూహెచ్‌ఎఫ్‌ను బాగా మింగేస్తాయి. అక్కడ వీహెచ్‌ఎఫ్‌నే నమ్ముకోవాలి. ఇక జిల్లా దాటి, తీరం నుంచి హైదరాబాదుకు కబురు పంపాలంటే ఈ జాతి సెట్లు పనికిరావు. 2004 డిసెంబరు సునామీ తర్వాత పోర్ట్ బ్లెయిర్ నుంచి హ్యామ్ భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వార్తలను ప్రధాన భూభాగానికి అందించింది హెచ్‌ఎఫ్ (చాలా దూరం పోయే షార్ట్‌వేవ్) సెట్ల మీద. కొండ మీద రిపీటర్ (విన్న మాటను మళ్లీ గట్టిగా పంపే స్టేషన్) పనిచేస్తుంటే చేతి సెట్టుకు దూరం పెరుగుతుంది. అయితే ఆ గాలికి రిపీటర్ యాంటెన్నా నిలుస్తుందన్న భరోసా లేదు. అందుకే రిపీటర్ ఛానెల్‌తో పాటు 145.500 లాంటి నేరు (రిపీటర్ లేకుండా సెట్టు నుంచి సెట్టుకు పోయే) ఛానెళ్లు రెండు మూడు అందరి సెట్లలో ఒకే నంబరు కింద ఉండాలి.

ఇప్పుడు సెట్టింగులు. కంపెనీ పెట్టి పంపినవాటిలో సగం ఆపదలో అడ్డొచ్చేవే.

అన్నిటికంటే ముందు 3వ మెనూ, సేవ్. బ్యాటరీ ఆదా కోసం సెట్టు కునుకు తీస్తూ మధ్యమధ్య లేచి వింటుంది. అవతలివాళ్లు మాట మొదలుపెట్టేసరికి ఇది ఇంకా కళ్లు నులుముకుంటూ ఉంటుంది, మొదటి అక్షరం ఎగిరిపోతుంది. తెలుగులో దీని దెబ్బ గట్టిది. 'నూరు' అన్నది 'ఊరు' అనో 'ఆరు' అనో వినిపిస్తుంది. 'మూడు', 'ఏడు' గాలి హోరులో ఒకటే. నూరు పులిహోర పొట్లాలు అడిగిన పునరావాస కేంద్రానికి ఆరు చేరతాయి. మందు రెండింటికీ ఉంది: పీటీటీ నొక్కాక ఒక సెకను ఆగి మాట్లాడడం, అంకెలను విడివిడిగా 'ఒకటి, సున్నా, సున్నా' అని చెప్పి అవతలివాళ్ల చేత తిరిగి చెప్పించుకోవడం. కేంద్రంలో ఉండే సెట్టుకైతే సేవ్ పూర్తిగా ఆపేయండి.

7వ మెనూ టీడీఆర్, అంటే ఒకేసారి రెండు ఛానెళ్లు వినడం. వినడానికి బాగానే ఉంటుంది. చిక్కేమిటంటే తెర మీద కింది వరుసలో ఉన్న ఛానెల్లో ఎవరో మాట్లాడిన వెంటనే మీరు పీటీటీ నొక్కితే మీ మాట కూడా ఆ ఛానెల్లోకే పోతుంది. కొత్తవాళ్ల చేతికిచ్చే సెట్లలో ఆపేయాల్సిందే. 8వ మెనూ బీప్, 14వ మెనూ వాయిస్, 39వ మెనూ రోజర్ (మాట ముగిశాక వెళ్లే మోత) కూడా ఆఫ్. 9వ మెనూ టీఓటీని, అంటే ఆపకుండా పంపగల గడువును, 60 సెకన్లకు పెట్టండి. తడిసిన స్పీకర్ మైకులో పీటీటీ ఇరుక్కుపోతే ఊరంతటికీ ఛానెల్ మూసుకుపోతుంది, ఈ గడువు దాన్ని విడిపిస్తుంది. 5వ మెనూలో సిగ్నల్ వెడల్పు (వైడ్ లేదా నారో) అందరికీ ఒకటే ఉండాలి, లేకపోతే ఒకరి గొంతు సన్నగా, ఇంకొకరిది పగిలిపోతున్నట్టు వస్తుంది. రిపీటర్‌కు టోన్ (మాటతో పాటు పోయే, తాళంచెవి లాంటి సన్నని స్వరం) కావాలంటే 13వ మెనూ టీ-సీటీసీఎస్ మాత్రమే పెట్టి, 11వ మెనూ ఆర్-సీటీసీఎస్ వదిలేయండి. అదీ పెడితే టోన్ లేకుండా పిలిచేవాళ్లు వినపడరు. ఆపదలో పిలిచేవాడికి టోన్ పెట్టుకునే తీరిక ఉండదు కదా.

పక్కనున్న నారింజ బొత్తాంతో జాగ్రత్త. ఒకసారి నొక్కితే ఎఫ్‌ఎం వస్తుంది, పట్టి ఉంచితే సైరన్ మోగుతుంది. పైగా ఆ సైరన్ ఛానెల్ మీదికి కూడా వెళ్లిపోతుంది. 32వ మెనూ ఏఎల్-మోడ్‌ను సైట్‌కు మారిస్తే మోత సెట్టు వరకే ఉంటుంది. పీటీటీ కింద ఉండే మోనీ బొత్తాం దీనికి సరిగ్గా వ్యతిరేకం, ప్రాణాలు కాపాడేది. బలహీనమైన సిగ్నల్‌ను స్క్వెల్చ్ (మాట లేనప్పుడు హోరు వినపడకుండా ఆపేది) మింగేస్తున్నప్పుడు దీన్ని పట్టి ఉంచితే హోరుతో పాటు మాట కూడా వినపడుతుంది. జట్టులో ప్రతి ఒక్కరికీ ముందుగా నేర్పాల్సింది ఇదే. చాలామంది దాన్ని టార్చి బొత్తాం అనుకుని వదిలేస్తారు. ఎఫ్‌ఎం వస్తుంది గానీ మీడియం వేవ్ రాదు, కాబట్టి పాత ట్రాన్సిస్టర్‌ను పారేయకండి.

బ్యాటరీ విషయంలో కాగితం, పెన్ను పట్టుకోవాలి. అసలు బీఎల్-5 బ్యాటరీ 7.4 వోల్టులు, 1800 ఎంఏహెచ్. సెట్టు ఊరికే ఉంటే 75 మిల్లీ ఆంపియర్లు, వినేటప్పుడు 380, మాట్లాడేటప్పుడు 1400 దాకా లాగుతుంది. సమయంలో 5 శాతం మాట్లాడుతూ, 5 శాతం వింటూ, మిగతా 90 శాతం ఊరికే ఉంటే సగటు 157 అవుతుంది, అంటే పదకొండున్నర గంటలు. మూడు రోజులు ఆగకుండా నడవాలంటే సెట్టుకు ఆరేడు బ్యాటరీలు కావాలి. అదే అందరూ ప్రతి గంటకూ మొదటి పది నిమిషాలు మాత్రమే సెట్టు పెట్టుకుందామని ఒప్పుకుంటే 72 గంటల్లో పనిచేసేది 12 గంటలు. రెండు బ్యాటరీలతో గట్టెక్కొచ్చు. కేంద్రం సెట్టొక్కటే ఎప్పుడూ మెలకువగా ఉంటుంది. దగ్గరివాళ్లతో లో పవర్‌లో మాట్లాడితే ఇంకా మిగులుతుంది.

కరెంటు లేనప్పుడు ఛార్జింగే దీని అసలు బలహీనత. సెట్టును నిలబెట్టే తొట్టి ఛార్జరుకు 10 వోల్టులు కావాలి. ఫోన్ పవర్‌బ్యాంకు 5 వోల్టులు నేరుగా సరిపోవు, ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులు తగిలిస్తే తొట్టి కాలిపోయే ప్రమాదం. 5 నుంచి 10కి పెంచే యూఎస్‌బీ కేబులో, 12 నుంచి 10కి దించే చిన్న కన్వర్టరో సీజన్ ముందే కొని, వోల్టేజీ మీటరుతో చూసి, తొట్టికి టేపు వేసి కట్టేయండి. 3800 ఎంఏహెచ్ పొడుగు బ్యాటరీల్లో నకిలీలు ఎక్కువ, బరువు చూసి తీసుకోండి. మామూలు బ్యాటరీ కంటే స్పష్టంగా బరువు లేకపోతే లోపల ఉన్నది గాలే. నిల్వ ఉంచేటప్పుడు సగం పైన ఛార్జి పెట్టి సెట్టు నుంచి విడదీసి ఉంచాలి. మూడు నెలలకోసారి చూసుకోకపోతే తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు అన్నీ చచ్చిపడి ఉంటాయి.

దీనితో వచ్చే పొట్టి యాంటెన్నా దాని ధరకు తగ్గట్టే ఉంటుంది. ఖర్చు లేని చిట్కా ఒకటుంది: 49 సెంటీమీటర్ల మెత్తని వైరు చివర రింగు లగ్గు వేసి, యాంటెన్నా మొదట్లో బయటి లోహానికి తగిలేలా బిగించి, వైరును కిందికి వేలాడదీయండి. మధ్య పిన్నుకు మాత్రం తాకకూడదు. వీహెచ్‌ఎఫ్‌లో తేడా వెంటనే చెవికి తెలుస్తుంది. పెద్ద యాంటెన్నా కొంటే ఎస్‌ఎంఏ ఫిమేల్ కనెక్టర్ ఉన్నది అడగండి, ఈ సెట్టులో పిన్ను సెట్టు వైపే ఉంటుంది. కేంద్రం డాబా మీదికి ఎస్‌ఓ-239 సాకెట్ మీద 49 సెంటీమీటర్ల నిలువు రాగి తీగ, కిందికి 45 డిగ్రీలు వంచిన 51 సెంటీమీటర్ల తీగలు నాలుగు చాలు. ఆర్‌జీ-58 కేబుల్ 10 మీటర్లు వేస్తే 145లో మూడో వంతుకు పైగా పవర్ దారిలోనే పోతుంది, 435లో సగానికి పైగా. ఆ బరువైన కేబుల్‌ను నేరుగా సెట్టుకు బిగిస్తే కనెక్టర్ ఊడొస్తుంది, మధ్యలో చిన్న సన్న కేబుల్ పెట్టాలి. ఇంకో చిక్కు: సెట్టు రిసీవర్ సున్నితం. సెల్ టవర్, ఎఫ్‌ఎం స్టేషన్ పక్కన పెద్ద యాంటెన్నా పెడితే చెవులు మూసుకుపోయి, పొట్టి యాంటెన్నాతో వినిపించినవి కూడా వినపడవు. పంపే సిగ్నల్ శుభ్రతలో కూడా సెట్టుకూ సెట్టుకూ తేడా ఉంది.

వాన సంగతి చెప్పక్కర్లేదు, ఇది తడవకూడదు. మందమైన పాలిథీన్ కవర్లో పెట్టి యాంటెన్నా మెడ దగ్గర రబ్బరు బ్యాండు వేస్తే బొత్తాలు కవర్ మీంచే నొక్కొచ్చు. ఉప్పునీళ్లలో పడితే వెంటనే బ్యాటరీ తీసి, మంచినీళ్లతో కడిగి, గాలికి ఆరబెట్టాలి.

కంప్యూటర్ నుంచి సెట్టులో ఛానెళ్లు నింపే ప్రోగ్రామింగ్‌కు చిర్ప్ సాఫ్ట్‌వేర్ ఉచితం. కేబుల్ మాత్రం ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నదే కొనండి, చవక కేబుళ్లలో ఉండే నకిలీ చిప్పులను కొత్త విండోస్ గుర్తించదు. కేబుల్ బాగున్నా 'సెట్టు స్పందించడం లేదు' అంటే పదికి తొమ్మిదిసార్లు ప్లగ్గు చివరిదాకా దిగలేదు. గట్టిగా, టక్కుమనేదాకా నొక్కాలి.

ఇదే కంపెనీ 8 వాట్ల సెట్టు తీసుకోవచ్చా అని అడుగుతారు. 4 నుంచి 8కి పోతే పెరిగేది 3 డెసిబెల్స్, అవతలి మీటరు మీద అర గీత. బ్యాటరీ మాత్రం దానికి తగ్గట్టు తొందరగా దిగుతుంది. ఆ తేడా డబ్బుతో ఇంకో బీఎల్-5 బ్యాటరీ, మీటరు రాగి తీగ కొనండి.