సిరల జబ్బుల పరిశోధనకి ఏది మేలు: ట్రయలా, రిజిస్ట్రీనా?

మా పిన్నికి చీలమండ దగ్గర పుండు పడి ఏడాదిన్నర మానలేదు. వేరికోస్ వెయిన్స్ (కాళ్లలో ఉబ్బిన సిరలు) వల్లే అన్నారు, లేజర్ చేశారు, కట్టు కట్టారు, మూడు నెలలకి రివ్యూకి వెళ్తే మానిపోయిందని ఫైల్లో రాసి పంపించారు. తర్వాత అదే చోట మళ్లీ పడింది. ఈసారి వేరే ఊళ్లో, వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లింది కాబట్టి మొదటాయన లెక్కలో ఆవిడ ఇప్పటికీ నయమైన మనిషే.

అందుకే ఈ పోలిక నాకు ముఖ్యం. ట్రయల్ అంటే పేషెంట్లని లాటరీ వేసి జట్లుగా విడదీసి చికిత్సలని పోల్చడం, రిజిస్ట్రీ అంటే చికిత్సకి వచ్చినవాళ్ల వివరాలని వచ్చినట్టు రాసిపెట్టుకునే పెద్ద పట్టిక.

ముందు ట్రయల్ సంగతి. బ్రిటన్‌లో జరిగిన ఎవ్రా ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. కాలికి ఇలాంటి పుండు ఉన్నవాళ్లకి కట్టు కడుతూనే పాడైన సిరని రెండు వారాల్లోపే మూసేయాలా, లేక పుండు మానేదాకా ఆగొచ్చా అన్నది ప్రశ్న. ఎవరు ఏ జట్టులోకి వెళ్లాలో డాక్టర్ కాదు, లాటరీ తేల్చింది. వెంటనే చేసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో మానితే, ఆగినవాళ్లలో సగం మందికి మానడానికి 82 రోజులు పట్టింది. ఇంత గట్టి జవాబు రిజిస్ట్రీ ఇవ్వలేదు, ఎందుకంటే మామూలుగా డాక్టర్లు కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ముందు చేస్తారు, అప్పుడు గొప్ప చికిత్సదా, మనిషి ఒంటిదా తేలదు.

కానీ 6,500 మందికి పైగా చూస్తే అందులో చేరింది 450 మందే. ఆరు నెలలు దాటిన పుండు ఉన్నవాళ్లని తీసుకోలేదు. అంటే మా పిన్నిలాంటి వాళ్లకి గుమ్మం దగ్గరే నో.

రిజిస్ట్రీ అలా ఏరదు. స్పెయిన్‌లో 2001లో మొదలైన రియెటే, లోతు సిరల్లో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినవాళ్ల వివరాలని వరసగా వచ్చినవాళ్లని వచ్చినట్టు రాసుకుంటూ పోయింది: కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు, క్యాన్సర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, 80 దాటినవాళ్లు. ఇప్పుడు లక్షకి పైగా పేషెంట్లున్నారు. రక్తం పల్చబడే మందు మొదలుపెట్టాక ఎవరికి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఎక్కువో ముందే అంచనా వేసే స్కోరు అందులోంచే వచ్చింది. వయసు, క్యాన్సర్, రక్తహీనత, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), ఇలా ఏ వార్డులోనైనా దొరికే వివరాలే. అమెరికాలో వాస్కులర్ క్వాలిటీ ఇనిషియేటివ్ నడిపే వేరికోస్ రిజిస్ట్రీలోనైతే కాలు బరువు, నొప్పి, వాపు, దురద ఎంత ఉన్నాయో కూడా రాస్తారు. స్కాన్‌లో కనబడనిది అదే కదా!

దీని లోపం కూడా చిన్నది కాదు. రక్తస్రావం భయంతో మందు ఇవ్వలేనివాళ్లకే ఎక్కువగా సిరలో ఫిల్టర్ (గడ్డ ఊపిరితిత్తులకి పోకుండా ఆపే చిన్న జాలీ) పెడతారు, వాళ్లలో మరణాలు ఎక్కువ కనబడితే తప్పు ఫిల్టర్‌దా, జబ్బుదా?

నా ఓటు మాత్రం ముందు రిజిస్ట్రీకే, ఎందుకంటే మంచి రిజిస్ట్రీ ఉంటే అందులోనే ట్రయల్ నడపొచ్చు. స్వీడన్‌లో గుండెపోటు పేషెంట్ల మీద టేస్ట్ అనే ట్రయల్‌ని అలాగే చేశారు, 2013లో ఫలితాలొచ్చాయి, 7,000 మందికి పైగా రిజిస్ట్రీలోంచే వచ్చారు. సిరల జబ్బుల్లోనూ ఇది కుదురుతుంది, కాకపోతే పేషెంట్ ఏ ఊరు వెళ్లినా ఏడాదికీ, రెండేళ్లకీ ఫోన్ చేసి కాలు ఎలా ఉందని అడిగే మనిషి ఉండాలి. మా పిన్నికి రెండో పుండు పడింది పద్నాలుగో నెలలో.