ఇనోసిటాల్ పొడా, మెంతుల నీళ్లా?

విజయవాడ సూర్యారావుపేటలో చూపించుకుని, షుగర్ ఉందని తెలిసిన గర్భిణికి ఇంటికి చేరేలోపే రెండు సలహాలు వచ్చేస్తాయి: ఇనోసిటాల్ అనే సప్లిమెంట్ పొడి సాచెట్ వాడమని ఒకరు, మెంతులు నానబెట్టి తాగమని ఇంకొకరు.

ఖర్చు: మెంతులు వంటింట్లోనే ఉంటాయి. సాచెట్లు నెలనెలా కొనాలి.

శ్రమ: పొడి నీళ్లలో కలిపి తాగేయడమే. మెంతుల చేదు అందరికీ గొంతు దిగదు.

ఆధారం: ఇనోసిటాల్‌లో ఒక రకమైన మయో-ఇనోసిటాల్, శరీరం ఇన్సులిన్‌కు బాగా స్పందించేలా చేస్తుందని భావిస్తారు. ఎక్కువ పరిశోధనల్లో రోజుకు 4 గ్రాములు, ఫోలిక్ యాసిడ్‌తో ఇచ్చారు. అవీ ఎక్కువగా షుగర్ రాకుండా ఆపగలదా అని చూసినవే. ఫలితాలు ఒకేలా లేవు. గర్భిణుల విషయంలో మెంతులకు ఆ మాత్రం ఆధారం కూడా లేదు.

ప్రమాదం: నాకు టెన్షన్ ఇక్కడే. పోపులో వేసే మెంతులతో భయం లేదు. మందులా ఎక్కువగా తీసుకుంటే గర్భసంచి సంకోచాలు రావచ్చన్న ఆందోళన ఉంది. ఇన్సులిన్ వాడేవాళ్లకు షుగర్ మరీ పడిపోవచ్చు కూడా. ఇనోసిటాల్‌తో మామూలుగా కనిపించేది కాస్త కడుపు ఉబ్బరం, వికారం.

షుగర్ పరగడుపున 95 mg/dL లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉంటే తిండి, నడక చాలు, రెండూ అక్కర్లేదు. అంచున ఊగుతుంటే డాక్టరును అడిగి సాచెట్ వైపు వెళ్లండి. అంకెలు తరచూ దాటుతుంటే ఈ రెండింటితో రోజులు గడపకండి, డాక్టరు రాసిన ఇన్సులిన్ వెంటనే మొదలుపెట్టండి.