బన్నీ బూట్లు: మంచు అంచున నిలబడే పనికి సరే, నడకకు కాదు

బన్నీ బూటు చూడగానే నవ్వొస్తుంది. ఉబ్బిపోయిన తెల్ల రబ్బరు, ఏనుగు పాదంలాంటి ముందుభాగం, పక్కన సైకిల్ ట్యూబుకు ఉన్నట్టు ఓ చిన్న వాల్వు. ఒక్కోటి దాదాపు కిలోంబావు తూగుతుంది. కొరియా యుద్ధంలో సైనికుల కాళ్లు చలికి గడ్డకట్టి పోతుంటే అమెరికా సైన్యం తెచ్చిన నల్ల బూటుకు ఇది తమ్ముడు. నల్లది మైనస్ 29 డిగ్రీల దాకా, తెల్లది మైనస్ 54 దాకా అని సైన్యం లెక్క. ఇక్కడ చూస్తున్నది తెల్లదాన్ని, అదీ ఒక్క పనికి పనికొస్తుందా లేదా అని: అలాస్కా ఉత్తరపు కొసన, ఉట్కియాగ్విక్ ఊరి ముందు సముద్రపు మంచు మీద నిలబడి బోహెడ్ తిమింగలాలను లెక్కపెట్టడం.

ఆ పనేమిటో తెలియకపోతే బూటు మంచిచెడ్డలు అర్థం కావు. ఏప్రిల్ నడుమ నుంచి జూన్ మొదటి దాకా ఈ తిమింగలాలు బేరింగ్ సముద్రం నుంచి బోఫోర్ట్ సముద్రానికి వెళుతూ, మంచు విడిపోయి తెరుచుకున్న నీటి పాయల్లో తేలి ఊపిరి తీసుకుంటాయి. మంచు పలకలు ఒకదాన్నొకటి తోసుకుని లేచిన గుట్ట మీద మెట్లు చెక్కుకుని, పైన నిలబడి, తేలిన ప్రతి వీపునూ రాసుకోవాలి: కొత్తదా, ఇందాక చూసిందేనా, చెప్పలేమా అని. 1977లో ఇవి రెండు వేలు కూడా లేవనే అంచనాతో అంతర్జాతీయ తిమింగల కమిషన్ అక్కడి ఆదివాసులైన ఇనుపియాట్ల వేటను ఆపాలని చూసింది. పాయల్లో కనబడేవే అన్నీ కావు, మంచు కింద నుంచి కూడా పోతాయి అని వేటగాళ్లు అన్నారు. నీటిలోకి దించిన హైడ్రోఫోన్లు, అంటే నీటి అడుగున శబ్దాలు పట్టే మైకులు, వాళ్ల మాటే నిజమన్నాయి. 2011 లెక్కకు అవి సుమారు 17 వేలు. ఇంత చరిత్ర ఉన్న పనిలో మనిషి చేసేది మాత్రం గంటల తరబడి కదలకుండా నిలబడటమే. కదలని కాలికి రక్తం సరిగా అందదు, కింద మంచు, ఎదురుగా సముద్రం మీది గాలి.

ఏప్రిల్‌లో మైనస్ 20 దగ్గర మొదలైన చలి మే చివరికి సున్నా దగ్గరికి వస్తుంది. తేలికైపోయిందనుకుంటారు చాలామంది. అసలు చిక్కు అప్పుడే. మంచు పైన నీళ్లు నిలుస్తాయి, పగుళ్ల దగ్గర ఉప్పు బురద, స్నోమెషీన్ (మంచు మీద నడిపే మోటారు బండి) దిగిన చోటల్లా మడమ లోతు తడి. పొడి చలికి మంచి బూట్లు చాలానే ఉన్నాయి. తడిసిన చలికి తట్టుకునేవి తక్కువ. బన్నీ బూటు గెలిచేది ఇక్కడే.

కారణం దాని నిర్మాణం. వెచ్చదనమిచ్చే ఉన్ని, ఫెల్ట్ (నొక్కి చేసిన మందపాటి ఉన్ని గుడ్డ) పొరలను బయటో రబ్బరు, లోపలో రబ్బరు వేసి మూసేశారు. బయటి నీరు చేరదు, లోపలి చెమటా చేరదు. ఫెల్ట్ తొడుగు విడిగా వచ్చే బూట్లలో సాయంత్రానికి తొడుగు చెమ్మగిల్లుతుంది. రాత్రి టెంటులో ఆరకపోతే పొద్దున అందులో కాలు పెట్టడమంటే ఐసుపెట్టెలో పెట్టినట్టే. రెండు జతల తొడుగులు మార్చుకుంటూ ఎలాగో నెట్టుకురావచ్చు గానీ, పై నుంచి నీళ్లు పోతే ఆ రోజుకు పని అయిపోయినట్టే. బన్నీ బూటులో నీళ్లు పోతే పారబోసి, సాక్సు పిండి, మళ్లీ తొడుక్కోవచ్చు. కాలి వేడికే ఆ తడి వెచ్చబడుతుంది. పొడి చలిలో నడవడానికి మక్‌లుక్‌లనే తోలు, గుడ్డ మెత్తటి బూట్లను మించినవి లేవు, కానీ మే నెల బురదలో వాటిని మరిచిపోవడం మేలు.

ఇక మూల్యం. చెమట బయటికి పోయే దారే లేదు. గంట నిలబడినా సాక్సు తడుస్తుంది, వెచ్చగా ఉంటుంది కాబట్టి తెలియదు. అలాగే రోజులు గడిపితే వరినాట్లలో నానిన కాళ్లలా వేళ్ల సందుల్లో చర్మం తెల్లబడి చిట్లుతుంది. కాబట్టి రోజుకు రెండుసార్లైనా సాక్సు మార్చాలి: శిబిరం నుంచి గుట్ట దగ్గరికి చేరగానే ఒకసారి, కాపలా దిగగానే ఒకసారి. విప్పినవి చొక్కా లోపల వేసుకుంటే ఒంటి వేడికి ఆరతాయి. రాత్రి కాళ్లు పూర్తిగా ఆరబెట్టి పొడి సాక్సుతోనే పడుకోవాలి. బూటు లోపల నున్నటి రబ్బరే, గుడ్డతో తుడిస్తే నిమిషంలో సరి. పొయ్యి పక్కన మాత్రం పెట్టకండి. వాసన సంగతి, ఒకే టెంటులో నలుగురు ఈ బూట్లవాళ్లుంటే, చెప్పకపోవడమే మర్యాద.

సైజులో ఎక్కువమంది చేసే పొరపాటు: చలి కదా అని మూడు జతల సాక్సులు కుక్కడం. ఈ బూటు ఒకే ఒక్క మందపాటి ఉన్ని సాక్సు కోసం చేసింది. బిగిస్తే రక్తం ఆగి కాలు ముందు చల్లబడుతుంది. పొడవుతో పాటు వెడల్పు గుర్తు కూడా చూడండి. వేళ్లు లోపల ఆడించగలిగితేనే అది మీ సైజు.

వాల్వు విమాన ప్రయాణం కోసం. ఉట్కియాగ్విక్‌కు బయటి నుంచి రోడ్డు లేదు, విమానంలోనే రావాలి. 2,400 మీటర్ల ఎత్తున ఉండే గాలి ఒత్తిడిలో, నేల మీద మూసిన గాలి మూడో వంతు ఎక్కువ చోటు అడుగుతుంది. వాల్వు మూసి ఉంటే బూటు పాదాన్ని నొక్కుతుంది, పెట్టెలో ఉంటే రబ్బరు అతుకులు విడిపోవచ్చు. ఎక్కే ముందు తెరవండి, దిగగానే మూయండి. ఈ రెండోదే మరిచిపోతారు. తెరిచిన వాల్వుతో నీటిలో అడుగుపెడితే పొరల మధ్యకు నీరు చేరుతుంది, అక్కడి నుంచి అది తిరిగి రావడం దాదాపు అసాధ్యం.

దొరికేవి చాలావరకు సైనిక మిగులు సరుకే, అంటే ఎప్పటి రబ్బరో. కొనేటప్పుడు వేళ్ల దగ్గర మడతపడే చోట గట్టిగా వంచి చూడండి, సన్నటి నెర్రెలుంటే వదిలేయండి. రెండు బూట్లనూ విడివిడిగా తూకం వేయండి. ఒకటి వంద గ్రాములు ఎక్కువ తూగితే అందులో నీళ్లున్నాయేమోనని అనుమానించాలి. ఆపైన మన పంక్చర్ షాపు పరీక్ష: వాల్వుకు సన్న గొట్టం పెట్టి సైకిల్ పంపుతో మెల్లగా కాస్త గాలి పంపి, బకెట్ నీళ్లలో ముంచి బుడగలు చూడటం. నోటితో ఊదితే ఊపిరిలోని తేమ లోపలికి పోతుంది. గట్టిగా పంపు కొడితే పొరలే విడిపోతాయి. చిన్న చిల్లైతే గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, సైకిల్ ట్యూబు ప్యాచ్ అతికించి ఒక రోజు వెచ్చటి గదిలో వదిలేయాలి. మంచు మీద అతికిస్తే జిగురు పట్టదు.

నడకకు మాత్రం ఇవి శిక్షే. చీలమండకు ఆసరా లేదు, గుట్టల మీద ఎగుడుదిగుడు మంచులో మడమ తిరిగే ప్రమాదం ఉంది. నున్నటి మంచు మీద అడుగు జారుతుంది. జారకుండా అడుగున కట్టే గొలుసు క్లీట్లు వేసుకోవచ్చు గానీ మామూలు సైజు ఈ ముందుభాగానికి ఎక్కదు, పెద్ద సైజు తెచ్చి బయల్దేరక ముందే తొడిగి చూడాలి. గాలి తిరిగి మంచు పగిలితే శిబిరం ఎత్తి పరుగెత్తాల్సిన చోటు అది, కట్టే పద్ధతి అక్కడ నేర్చుకుంటే ఆలస్యం. స్నోమెషీన్ సైలెన్సర్‌కు తాకితే రబ్బరు కాలుతుంది. పెట్రోలు, నూనె చుక్కలు పడితే తెల్ల రబ్బరు నల్లదానికన్నా త్వరగా మెత్తబడుతుంది, కాబట్టి ఇంధనం పోసే మనిషి వెంటనే తుడవాలి.

జూన్‌లో మంచు దిగి టండ్రాలో పక్షుల గూళ్లు వెతికే పనికి మారేవాళ్లు వీటిని ఊళ్లోనే వదిలేయాలి. అక్కడ రోజంతా గుంటల్లో నడకే, మోకాలి దాకా వచ్చే తేలికపాటి రబ్బరు బూట్లు చాలు. దాచేటప్పుడు వాల్వు తెరిచి, లోపల కాగితం కుక్కి, ఎండ తగలని చోట నిలబెట్టండి. మడతపెట్టి దాచిన జత వచ్చే ఏప్రిల్‌కు ఆ మడత దగ్గరే పగులుతుంది.